గద్దల హాజరు పట్టీ

ఇప్పటి పిల్లలకు టైం కీపర్ అంటే ఎవరో తెలియకపోవచ్చు. ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న గదిలో కూర్చుని, ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో, ఎన్నింటికి బయటికి వెళ్ళారో రాసుకునే మనిషి. నాచారంలో మోటార్లు చేసే ఒక ఫ్యాక్టరీలో పదహారేళ్ళు నేను చేసిన పని అదే. ఆ గదిలో కూర్చున్న మొదటి ఆడమనిషిని కూడా నేనేనట. హాజరు పట్టీలో ఖాళీ గడి ఉండకూడదన్నది మా మొదటి నియమం. సాయంత్రానికి ఖాళీగా మిగిలిన ప్రతి గడిలో ఆబ్సెంటు పడాల్సిందే. వరసగా పది ఆబ్సెంట్లు పడితే ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, చివర ‘వెళ్ళిపోయాడు’ అని రాయాలి.

ఆ అలవాటు కొద్దీ ఒక వానాకాలంలో తొమ్మిది గద్దలను చంపేశాను. కాగితం మీదే అనుకోండి. కానీ దానివల్ల ఒక మంచి మనిషి ఉద్యోగం ఊడేంత పనైంది. మీలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని గడులు నింపేవాళ్ళు చాలామంది ఉన్నారని విన్నాను కాబట్టి ఆ సంగతి చెబుతాను. పనికొస్తే సంతోషం, లేకపోతే నన్ను చూసి నవ్వుకోండి.

ఫ్యాక్టరీ లాకౌట్ అయ్యాక ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని ఇంటిల్లిపాదినీ విసిగించాను. ఎవరు బయటికి వెళ్తున్నా గోడ గడియారం చూసేదాన్ని. చివరికి మావాళ్ళే ఎవరినో పట్టుకుని, నాచారంలోనే పక్షుల మీద పరిశోధన చేసే ఒక చిన్న సంస్థలో గుమస్తాగా పెట్టించారు. సంస్థ అంటే అట్టపెట్టెలు చేసే షెడ్డు మీద రెండు గదులు, ఆ గదుల మీద ఒక డాబా. కింద యంత్రం దెబ్బ కొట్టినప్పుడల్లా పైన మా టీ గ్లాసులు గలగలమనేవి. దాన్ని నడిపే సారు కోస్తా వైపు మనిషి. గద్దల గురించి మాట్లాడుతుంటే తెచ్చుకున్న టిఫిన్ డబ్బా సంగతి కూడా మరిచిపోయే రకం.

ఇంటర్వ్యూలో ఆయన “మీకు పక్షులు తెలుసా?” అని అడిగారు.

“కోడి తెలుసు సార్,” అన్నాను.

ఆయన కాసేపు నా ముఖం చూసి, “చేతిరాత ఎలా ఉంటుందో చూపించండి,” అన్నారు. ఆ చేతిరాతే నన్ను గట్టెక్కించింది.

ఊళ్ళో తరచూ బంద్‌లు జరుగుతున్న రోజులవి. జవహర్‌నగర్ చెత్తగుట్టల మీద వందల గద్దలు బతుకుతాయి కదా, అవి ఏడాదిలో ఎన్ని బతుకుతున్నాయో, ఎన్ని చస్తున్నాయో తేల్చడం మా సారు పెట్టుకున్న పని. అందుకోసం ఇరవై నాలుగు గద్దలను పట్టి, ఒక్కోదాని తోక ఈకకు చిటికెనవేలంత రేడియో ట్యాగు కట్టి వదిలారు. ఒక్కో ట్యాగుది ఒక్కో నంబరు. రిసీవర్‌లో ఆ నంబరు పెట్టి యాంటెనా నాలుగు దిక్కులకూ తిప్పితే, ఆ గద్ద కొన్ని కిలోమీటర్ల లోపల ఉంటే టిక్ టిక్ అని వినిపిస్తుంది. వినిపించకపోతే గద్ద దూరంగా ఉందో, ట్యాగు చెడిపోయిందో, అసలు ప్రాణంతోనే లేదో మనకు తెలియదు. ఈ చివరి మాట నేను అప్పుడే సరిగ్గా వినివుంటే మీకు చెప్పడానికి ఈ కథే ఉండేది కాదు.

యాంటెనా పట్టుకుని తిరిగే ఆయన పాత నాచారం ఊరివాడు. వాళ్ళ నాన్న జొన్నలు పండించిన చోట ఇప్పుడు ఇంకో ఫ్యాక్టరీ ప్రహరీ గోడ ఉంది. ఆ గోడకే చాలా ఏళ్ళు వాచ్‌మన్‌గా పనిచేసి, యాభై దాటాక మా దగ్గరికి వచ్చాడు. నాకంటే పెద్దవాడే, అయినా నన్ను అక్కా అనేవాడు. నేను ఆయనను అన్నా అనేదాన్ని. మా ఇద్దరిలో ఎవరు పెద్దో తేలక సారు కొన్నాళ్ళు తికమకపడ్డారు.

అన్న రోజూ మోపెడ్ మీద ఒకే దారిన వెళ్ళేవాడు. ముందు మా డాబా, తర్వాత ఉప్పల్‌లో ఒక ఎత్తయిన నీళ్ళ ట్యాంకు పక్కన, ఆ తర్వాత పీర్జాదిగూడ, జవహర్‌నగర్, నాగారం. ఒక్కో చోట ఆగి ఇరవై నాలుగు నంబర్లూ తిప్పాలి. ఆ యాంటెనా చూసి ఆయనను టీవీ బాగుచేసే మనిషి అనుకోని వీధి లేదు. “కేబుల్ అన్నా, మా టీవీల గింజలు గింజలు వస్తున్నయ్, జర సూడవా” అని ఆడవాళ్ళు పిలిస్తే కాదనలేక, నాలుగు ఇళ్ళలో నిజంగానే బాగుచేశాడు. ఒకసారి స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు పోలీసులు ఆపి గంటసేపు కూర్చోబెట్టారు. మ్యాచ్ చూస్తున్నారా, గూఢచర్యం చేస్తున్నారా అని గద్దించారట. “గద్దల హాజరు తీసుకుంటున్న సార్” అన్నాడట ఈయన. ఇంకో గంట కూర్చోబెట్టారు.

హాజరు అన్న మాట ఆయనకు అంటించింది నేనే. ఉద్యోగంలో చేరిన వారంలోనే సారు, రోజూ ఏ గద్ద వినిపించిందో రాసుకోవడానికి ఒక ఫారం గీయమన్నారు. నాకు వచ్చిన ఫారం ఒక్కటే. ఎడమ పక్కన గద్దల వరస, పైన తేదీలు, అడుగున అన్న ఆగే అయిదు చోట్ల పేర్లు, మధ్యలో గడులు, వినిపిస్తే ఆయన పెట్టే టిక్కు. అచ్చం ఫ్యాక్టరీ హాజరు పట్టీ. నంబర్లతో తంటా ఎందుకని గద్దలకు పేర్లు కూడా పెట్టుకున్నాం. ఎప్పుడూ చెత్త లారీల వెంటే ఉండేది క్యాంటీన్. మిగతావాటి మీద అరిచేది ఫోర్‌మన్. చీకటి పడేదాకా గాలిలోనే ఉండేది ఓటీ, అంటే ఓవర్‌టైం. సారు మొదట విసుక్కున్నారు కానీ నెల తిరక్కుండానే “ఫోర్‌మన్ ఇవాళ ఎక్కడ?” అని అడగడం మొదలుపెట్టారు.

ఇంకో అలవాటు కూడా వదల్లేకపోయాను. తలుపు దగ్గర ఒక గేటు రిజిస్టర్ పెట్టాను. రిసీవర్ ఎన్నింటికి బయటికి వెళ్ళింది, ఎన్నింటికి తిరిగి వచ్చింది, ఎవరు పట్టుకెళ్ళారు, కారణం, సంతకం. అలాగే మనుషులు కూడా. ముగ్గురం పనిచేసే ఆఫీసుకు గేటు రిజిస్టర్ ఏమిటని అందరూ నవ్వారు. సారు మాత్రం నన్ను ఉడికించడానికి, కింద టీకొట్టుకు వెళ్ళినప్పుడల్లా వేళ వేసి, కారణం దగ్గర ‘టీ, అత్యవసరం’ అని రాసేవారు.

ఏడెనిమిది నెలలు బాగానే గడిచింది. రెండు గద్దలు చచ్చిపోయాయి, ఒకటి కరెంటు తీగ తగిలి, ఇంకొకటి మాంజా దారం రెక్కకు చుట్టుకుని. రెండింటినీ అన్నే వెతికి తెచ్చాడు, తన తువ్వాలలో చుట్టుకుని. వానలు మొదలయ్యాక పట్టీలో ఖాళీ గడులు పెరిగాయి. ఒక వరస నాలుగు రోజులు ఖాళీ, ఒక వరస వారం ఖాళీ, కొన్నింటికి పదిహేను, ఇరవై. సారు ఊరికి వెళ్ళి, తిరిగొచ్చి, మా సంస్థకు డబ్బిచ్చేవాళ్ళ తరఫున సమీక్షకు ఒక మేడమ్ వస్తున్నారని, గద్దల లెక్క తేల్చి పట్టిక ఇవ్వమని నన్ను అడిగారు. నేను నా పద్ధతిలో తేల్చాను. పది రోజులు ఖాళీ ఉన్న ప్రతి వరస మీదా ఎర్ర గీత కొట్టాను. ‘వెళ్ళిపోయాడు’ అని రాయబోయి, గద్దలు కదా అని ‘మృతి’ అని రాశాను. చివరిసారి వినిపించిన తేదీనే చచ్చిన తేదీగా వేశాను. ముందే చచ్చిన ఆ రెండూ కాక తొమ్మిది.

సారు ఆ పట్టిక చూసి కుర్చీలో నుంచి లేచారు. ఒక్క వానాకాలంలో అన్ని గద్దలా! చెత్తలో ఏదో విషం ఉందని, ఇది దేశమంతా తెలియాల్సిన సంగతని, అరగంటలో పెద్ద ఉపన్యాసమే తయారుచేసుకున్నారు. సరిగ్గా అప్పుడే అన్న రిసీవర్ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

“సచ్చిపోయినయని ఎవలు జెప్పిన్రు సార్?” అన్నాడు. “నేనైతే రెండే సూసిన. తొమ్మిది సస్తే ఒక్కటన్న దొర్కదా నాకు?”

“మరి ఈ ఖాళీలేమిటి? ఈ రోజుల్లో మీరు వెళ్ళారా, లేదా?”

“పోయిన సార్.”

“వెళితే, వినబడలేదని రాయాలి కదా?”

అన్న తల వంచుకున్నాడు. “రాయ బుద్ధి కాలే సార్.”

సారుకు అక్కడ అనుమానం పుట్టింది. “బంద్ రోజుల్లో ఖాళీ ఉంది. కేబుల్ తెగి రిసీవర్ రిపేరుకు వెళ్ళిన రోజుల్లో ఖాళీ ఉంది. మీరు వెళ్ళానంటున్న రోజుల్లోనూ ఖాళీయే ఉంది. నేనేది నమ్మాలి? గద్దలు చచ్చిపోయాయా, మీరు ఇంట్లో కూర్చున్నారా? రెండింట్లో ఏదో ఒకటి అయ్యుండాలి కదా!”

అన్న రిసీవర్ బల్ల మీద పెట్టి, నా రిజిస్టర్‌లో వేళ వేసి సంతకం చేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సారు కాసేపు డాబా మీద పచార్లు చేసి వచ్చి, వచ్చే నెల నుంచి ఆయన సేవలు అవసరం లేదని ఒక ఉత్తరం టైపు చేయమన్నారు. మేడమ్ మర్నాడే వస్తారు, ఆమె అడగకముందే తాము ఏదో చర్య తీసుకున్నట్టు ఉండాలన్నది ఆయన ఆలోచన. నేను టైపు చేశాను. ప్రింటు తీయమంటే మాత్రం ఇంకు అయిపోయిందని అబద్ధం చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో నేను ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో ఇదే మంచిది.

కిందికి దిగితే టీకొట్టు దగ్గర బెంచీ మీద అన్న కూర్చుని ఉన్నాడు.

“ఏందన్నా, ఇనబడలేదని ఒక సున్న పెడ్తే అయిపోతుండె గదా?” అన్నాను కోపంగా.

“ఎట్ల పెట్టాలె అక్కా? మా ఇంట్ల బియ్యం ఒడిసినా ‘లెవ్వు’ అనం. మా అమ్మ అననియ్యకపోతుండె. పానమున్న దాని పేరు ముంగట సున్న పెడ్తానా? అది యాడనో తిరుగుతుంటది. నాకు దొర్కలేదంటే తప్పు నాది, దానిదా?” టీ గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు. “ఖాళీ ఇడిసిపెడ్తే నువ్వు సమజ్ చేసుకుంటవనుకున్న. రోజు నీకు చెప్తనే ఉంటి గద, ఇయ్యాల ఓటీ ఇనబడలే, ఫోర్‌మన్ ఇనబడలే అని.”

చెప్పాడు. రోజూ చెప్పాడు. నేను తలూపుతూ రిజిస్టర్‌లో వేళ వేసుకునేదాన్ని. ఫారంలో చోటు లేని మాట నా చెవికి ఎక్కేది కాదు.

ఆ సాయంత్రం బస్సులో వెళ్తుంటే ఫ్యాక్టరీ రోజుల నాటి ఒక మనిషి గుర్తొచ్చాడు. మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు, జనగామ వైపు నుంచి వచ్చినవాడు. పన్నెండు రోజులు రాలేదు. నేను పద్ధతి ప్రకారం ఎర్ర గీత కొట్టాను. పదమూడో రోజు దవాఖానా చీటీలు పట్టుకుని, భార్య భుజం ఆసరాతో గేటు దగ్గరికి వచ్చాడు. టైఫాయిడ్. మేనేజర్ నా రిజిస్టర్ చూసి, రాసింది రాసిందే, పనిలోకి తీసుకోను అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, చూసిందే రాశాను కదా అని. ఆ మనిషి నన్నేమీ తిట్టలేదు. “నేను పోలేదమ్మా, పడుకున్న” అన్నాడంతే. తర్వాత ఎక్కడికి వెళ్ళాడో తెలియదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగేసరికి, రెండోసారి అదే పని చేయకూడదని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికే ఆఫీసు తాళం తీశాను. ఒక పక్క గద్దల పట్టీ, ఒక పక్క నా గేటు రిజిస్టర్ పెట్టుకుని ఒక్కో ఖాళీ రోజునూ సరిచూశాను. బంద్ రోజుల్లో రిసీవర్ బీరువాలోనే ఉంది. కేబుల్ తెగిన వారం రిపేరు షాపులో ఉంది. ఆ రోజుల్లో ఎవరూ వెతకనే లేదు, కాబట్టి ఆ ఖాళీలకూ గద్దలకూ ఏ సంబంధమూ లేదు. మిగతా ఖాళీ రోజుల్లో రిసీవర్ బయటికి వెళ్ళింది. తిరిగొచ్చిన వేళలు చూస్తుంటే నా పెన్ను ఆగిపోయింది. అన్ని గద్దలూ వినిపించిన రోజుల్లో అన్న మధ్యాహ్నం మూడింటికల్లా వచ్చేశాడు. ఖాళీలున్న రోజుల్లో అయిదున్నర, ఆరు, ఆరుంపావు. అంటే ఖాళీ ఎక్కువ ఉన్న రోజునే ఆయన ఎక్కువసేపు తిరిగాడు, వానలో. ఎవరికీ ఒక్క మాట చెప్పుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. కింద అట్టపెట్టెల యంత్రం మొదలై బల్ల అదిరేసరికి ముక్కు తుడుచుకుని మళ్ళీ రాసుకున్నాను.

మేడమ్ పదకొండింటికి వచ్చారు. లెక్కల శాస్త్రం చెప్పి రిటైరైన పెద్దావిడ. మెట్లెక్కి, మంచినీళ్ళు తాగి, నేరుగా నా పట్టిక ముందు కూర్చున్నారు. సారు తన ఉపన్యాసం మొదలుపెట్టారు. అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయనకు ఉత్తరం సంగతి తెలియదు కానీ ఏదో జరగబోతోందని తెలుసు.

మేడమ్ ఒక ఎర్ర గీత మీద వేలు పెట్టి, “ఈ ఖాళీ ఎవరిదండీ?” అన్నారు.

సారుకు అర్థం కాలేదు.

“గద్ద లేదా? మనిషి వెళ్ళలేదా? యంత్రం పనిచేయలేదా? మూడూ కలిపి ఒకే ఖాళీగా పెడితే నేనేం లెక్క కట్టను?”

సారు అన్న వైపు చూశారు. ఆయన నోరు తెరిచేలోపు నేను లేచి నిలబడ్డాను.

“తప్పు మా అన్నది కాదు మేడమ్, నాది. ఫారం గీసింది నేను. ఫ్యాక్టరీల హాజరు రాసిన అలవాటుకు ఖాళీ ఉంటే ఆబ్సెంటు అనుకున్న, పది ఆబ్సెంట్లకు సంపేసిన. పోనిదానికి, పోయి ఇనబడనిదానికి ఫారంల నేను జాగనే ఇయ్యలే. అన్న పోయిండు. ఎప్పుడు పోయిండు, ఎప్పుడొచ్చిండు, అంతా గిండ్ల ఉన్నది.” గేటు రిజిస్టర్ ఆమె ముందు పెట్టాను.

ఆమె రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. సారు కుర్చీ వెనకాల నిలబడి ఆ వేళలు చదివారు. ఆయన ముఖం ఎర్రబడింది. మేడమ్ పేజీ తిప్పి, ఒక్కసారిగా నవ్వారు.

“ఇదేంటండీ, టీ, అత్యవసరం?”

తర్వాత ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సాయంత్రం దాకా పట్టీ మళ్ళీ రాయించారు. వెతకని రోజుకు అడ్డగీత. వెతికి వినబడని రోజుకు సున్నా పెట్టమన్నారు. అన్న తలుపు దగ్గర నుంచే అడ్డంగా తలూపాడు. నేను కారణం చెబితే ఆమె అన్ననే అడిగారు, మరి ఏం పెడతారు అని. ఆయన, “చుక్క పెడ్త మేడం. చుక్క అంటే నేనొచ్చిన, దేవులాడిన, ఇంక దొర్కలే. గంతే,” అన్నాడు. మా పట్టీలో అప్పటి నుంచీ చుక్కే పడింది.

చావు చూడని గద్దను ఏం చేయాలో కూడా ఆవిడే చెప్పారు. చనిపోయిందని రాయకూడదు, పట్టీలో నుంచి తీసేయనూ కూడదు. చివరిసారి వినిపించిన రోజు వరకు అది బతికి ఉన్నట్టు మనకు తెలుసు. ఆ తెలిసినంత మేరకు లెక్కలో ఉంచి, వరస చివర ‘ఇక్కడి వరకు తెలుసు’ అని రాయాలి. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, పదహారేళ్ళ ఫ్యాక్టరీ రిజిస్టర్లన్నీ తెచ్చి మళ్ళీ రాయాలనిపించింది.

కొత్త లెక్క వేస్తే, బతికున్న గద్దల గ్రాఫులో నిటారుగా కిందికి పడిన గీత కాస్తా నెమ్మదిగా వాలింది. సారు దాన్ని చూసి పెద్ద నిట్టూర్పు విడిచారు. గద్దలు చావలేదని దిగులుపడ్డ పక్షిశాస్త్రజ్ఞుణ్ణి నేను అప్పుడే మొదటిసారి చూశాను. మేడమ్ మాత్రం మా సంబరాన్నీ ఎక్కువసేపు సాగనివ్వలేదు. “తొమ్మిదీ బతికే ఉన్నాయని కూడా చెప్పకండి. మీరు రోజూ ఒకే దారిన తిరుగుతున్నారు. ఆ దారి బయట ఏం జరిగిందో మీకు తెలియదు. చచ్చిపోబట్టే కొన్ని వినబడటం లేదేమో కూడా చూడాలి,” అన్నారు.

“వానలకు చెత్త తడిస్తే అవి కీసర గుట్టల దిక్కు పోతయని నాకు మొదటిసంది అనుమానం ఉండె మేడం,” అన్నాడు అన్న.

“మరి ఎందుకు వెళ్ళలేదు?”

“ఫారంల ఆ ఊరు లేకుండె.”

అందరూ నా వైపు చూశారు. నేను టీ చెప్పడానికి కిందికి వెళ్ళాను.

మేడమ్ వెళ్ళాక సారు ఆ ఉత్తరాన్ని కంప్యూటర్‌లో నుంచి తీసేయమన్నారు. అప్పటికే తీసేశానని చెప్పాను. మర్నాడు పొద్దున ఆయన అన్నకంటే ముందు వచ్చి, యాంటెనా తానే భుజాన వేసుకుని, గేటు రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ రాసి, కారణం దగ్గర ‘వెతకడానికి’ అని వేశారు. అన్నను క్షమాపణ అడిగారో లేదో నేను వినలేదు. కానీ ఆ రోజు మోపెడ్ నడిపింది సారు. అన్న వెనక కూర్చుని యాంటెనా పట్టుకున్నాడు.

నెల రోజుల్లో తొమ్మిదింటిలో ఆరు దొరికాయి. క్యాంటీన్ గుట్టల అవతల ఒక కోళ్ళఫారం దగ్గర హాయిగా స్థిరపడింది. ఫోర్‌మన్ అక్కడ కూడా మిగతావాటి మీద అరుస్తూనే ఉందట. ఒకదాని ట్యాగు మాత్రం కాలువ ఒడ్డున ఎముకల పక్కన దొరికింది. మేడమ్ హెచ్చరిక ఎందుకో ఆ రోజు మాకు అర్థమైంది. మిగిలిన రెండింటిలో ఒకటి ఓటీ. దాని వరసలో అన్న రోజూ చుక్క పెడుతూ పోయాడు. ట్యాగు బ్యాటరీ జీవితం అయిపోయిందని సారు చెప్పాక కూడా ఇంకో నెల పెట్టాడు. దాని చివర ‘ఇక్కడి వరకు తెలుసు’ అని రాసింది నేనే.

ఆ తర్వాత ఇంకో విడత గద్దలకు ట్యాగులు కట్టారు, ఇంకో పట్టీ నడిచింది. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచి, అన్న మోపెడ్‌కు దారి దొరకడం కష్టమైంది. తెలంగాణ వచ్చిన ఏడాదే మా పని ముగిసింది. ఆఖరి రోజు అన్ని వరసలూ మూసేశాను. అన్న రిసీవర్ అప్పగించి సంతకం పెట్టాడు. నేను అలవాటుగా గేటు రిజిస్టర్ ముందుకు జరిపి, ఆయన బయటికి వెళ్ళే వేళ వేయమన్నాను. ఆయన పెన్ను తీసుకోలేదు.

“అది రాయకు అక్కా.”

“రాయకుంటే రిజిస్టర్ ఎట్ల మూసుడు అన్నా?”

“మూయకు. ‘పోయిండు’ అని ఎందుకు రాస్తవ్? నాగారంల ఇల్లు కట్టుకున్న, ఆడ ఉంట. మొదటి వాన పడంగనే ఏటేటా ఫోన్ చేస్త. ఇనబడ్తా గదా!”

నా జీవితంలో నింపకుండా వదిలేసిన గడి అదొక్కటే. ఆ రిజిస్టర్ ఇప్పుడు నా ఇంట్లో ఉంది. ఆయన ఫోన్ చేసిన ప్రతి ఏడూ ఆ పేజీలో తేదీ వేసి టిక్కు పెడుతున్నాను.

ఈ ఏడు మొదటి వాన పడింది, ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. పదో రోజు పొద్దున నా చేయి తెలియకుండానే ఎర్ర పెన్ను కోసం డ్రాయర్ వెతికింది. దాన్ని అక్కడే వదిలేసి, గొడుగు తీసుకుని నాగారం బస్సెక్కాను.

వీధి పేరు తప్ప ఇంటి గుర్తు నాకు తెలియదు. రెండు సందులు తిరిగాక, పైనుంచి ఎవరో “ఇప్పుడొస్తుందా? ఇటు తిప్పితే?” అని కేకపెట్టడం వినిపించింది. తలెత్తి చూస్తే పక్కింటివాళ్ళ డాబా మీద అన్న, లుంగీ ఎగ్గట్టి, వాళ్ళ టీవీ డిష్షును నాలుగు దిక్కులకూ తిప్పుతున్నాడు. నన్ను చూసి డిష్షు వదిలేశాడు. కింద ఇంట్లో ఎవరో సీరియల్ పోయిందని అరిచారు.

“అక్కా! ఫోన్ వాన నీళ్ళల్ల పడ్డది. నీ నంబరు అండ్లనే ఉండె,” అన్నాడు పిట్టగోడ మీద నుంచి వంగి. అంతలోనే ముఖంలో చిన్న అనుమానం. “ఏంది, ఆబ్సెంటు ఏసినవా?”

“లేదన్నా,” అన్నాను, గొడుగు మూస్తూ. “చుక్క పెట్టి వచ్చిన.”